పంపు వేస్తేనే కొలను నీళ్లు తగ్గుతున్నాయి, లీకు ఎక్కడ?

పెరట్లో 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పుతో చిన్న కొలను తవ్వించి 500 మైక్రాన్ల షీటు పరిచాం. పక్కనే మట్టి గుట్ట పోసి 3 అడుగుల ఎత్తు నుంచి జలపాతం, కింద రాళ్ల మధ్య కాలువ పెట్టాం. పంపు నడిస్తే రోజుకు 2 అంగుళాలు తగ్గుతోంది, అంటే దాదాపు 280 లీటర్లు! ఆపేస్తే మట్టం కదలదు. కాబట్టి లీకు పైనే ఉండాలి. కాలువకు షీటు వేయలేదు, సిమెంటు పూతే (మేస్త్రీ చాలన్నాడు, నమ్మేశాను). కొత్త మట్టి కుంగి పూత పగిలిందా, రాళ్ల వెనక నుంచి నీళ్లు జారుతున్నాయా? ఎలా కనిపెట్టాలి? రాళ్లన్నీ పీకి షీటు వేయాల్సిందేనా, వాటర్‌ప్రూఫ్ పూతతో ఆగుతుందా? కొలనులో చేపలున్నాయి, కొత్త సిమెంటు నీళ్లు దిగితే చచ్చిపోతాయేమోనని టెన్షన్‌గా ఉంది. ఇలాంటిది బాగుచేసుకున్నవాళ్లుంటే చెప్పండి.