480 జీబీ పాటలు పట్టే మ్యూజిక్ ప్లేయర్, 20 వేల లోపు ఏది బెటర్?

నాగోలు_శ్రోత:
అందరికీ నమస్తే. ఫోన్ కాకుండా పాటల కోసమే విడిగా ఒక ప్లేయర్ కొందామనుకుంటున్నా, కాస్త సలహా ఇవ్వండి. మా నాన్నగారి దగ్గర క్యాసెట్ల గుట్ట ఉంది, ఘంటసాల, బాలమురళి గారి కచేరీలు, రేడియోలోంచి పట్టుకున్న హరికథలు, ఎవరెవరివో ప్రవచనాలు, అవన్నీ అన్నయ్యా నేనూ డెక్ పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించాం, దానికి తోడు నేను రిప్ చేసుకున్న సీడీలు, కాలేజీ రోజుల నాటి ఎంపీ3లు, అంతా కలిపి హార్డ్ డిస్క్‌లో 480 జీబీ చూపిస్తోంది. స్ట్రీమింగ్ యాప్ ఉంది కానీ అందులో ఇవేవీ దొరకవు, దొరికినవి కూడా ఇవాళ ప్లేలిస్టులో ఉంటాయి రేపు మాయమైపోతాయి.

రోజూ నాగోలు నుంచి రాయదుర్గం మెట్రోలో వెళ్తా, ఎక్కినచోటు నుంచి దిగేదాకా దాదాపు గంట. ఇంట్లో ఉన్నప్పుడు నాన్నగారు కూడా వాడతారు కాబట్టి పేర్లు తెలుగులో కనపడితే బాగుంటుంది. వైర్ ఇయర్‌ఫోన్ జాక్ ఉండాల్సిందే. ప్రవచనం ఎక్కడ ఆపితే మళ్ళీ అక్కడే మొదలవ్వాలి. సెకండ్ హ్యాండ్‌లో ఐపాడ్ క్లాసిక్ 160 ఒకటి చూశా, లోపల మెమరీ కార్డులు వేయించుకోవచ్చు అంటున్నారు, నిజమేనా?

చక్రం_తిప్పుడు:
నిజమే. నా దగ్గర అలాంటివి ఉన్నాయి (ఒకటి కాదు, ఇంట్లో తిట్లు కూడా ఉన్నాయి). లోపలి 1.8 అంగుళాల హార్డ్ డిస్క్ పీకేసి ఐఫ్లాష్ అని చిన్న బోర్డు పెట్టి దానికి ఎస్‌డీ కార్డులు తగిలిస్తారు. కాకపోతే 160 అని ఉంటే చాలదు, ఏ 160 అన్నది చూడాలి. 2007లో వచ్చిన లావుపాటి 160కీ, 2008లో వచ్చిన 120కీ మీరు ఎంత పెద్ద కార్డు పెట్టినా ఆపిల్ సాఫ్ట్‌వేర్‌తో 128 జీబీ దగ్గర ఆగిపోతాయి, 2009లో వచ్చిన సన్న 160కే ఆ అడ్డు లేదు. అమ్మేవాళ్ళు ఈ ముక్క చెప్పరు. పైగా క్లాసిక్ మెటల్ బాడీ ఊడదియ్యడం నరకం, అంచులు వంగిపోతాయి, ఒకసారి వంగితే మళ్ళీ నీటుగా కూర్చోదు. 2005-06 నాటి ఐదో జనరేషన్ దానికంటే తేలిగ్గా తెరుచుకుంటుంది కానీ అందులో 30 జీబీ మోడల్‌కి ర్యామ్ 32 ఎంబీనే, లైబ్రరీ బాగా పెద్దదైతే మొరాయిస్తుంది, 60 జీబీదో 80 జీబీదో వెతుక్కోవాలి, వాటికి 64 ఎంబీ.

ఇంకోటి, ఐపాడ్ ఫ్లాక్ ఫైళ్ళు (క్వాలిటీ పోకుండా సైజు తగ్గించే రకం) పాడదు. వాటన్నిటినీ ఆపిల్ సొంత రకం, ఆపిల్ లాస్‌లెస్‌లోకి మార్చాలి, క్వాలిటీ పోదు గానీ కూర్చుని మార్చాలి. లేదా ఆపిల్ సాఫ్ట్‌వేర్ బదులు రాక్‌బాక్స్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే ఫ్లాక్ నేరుగా పాడుతుంది, ఫోల్డర్ల వారీగా వెళ్ళొచ్చు, నాకు అదే ఇష్టం, కానీ తెలుగు పేర్లు పెడితే ఒత్తులు, గుణింతాలు చెల్లాచెదురై కనిపిస్తాయి. క్లాసిక్‌ని ఆపిల్ 2014లోనే ఆపేసింది, బ్యాటరీ ఎలాగూ మార్చుకోవాలి. ముచ్చట కోసమైతే చెయ్యండి, పెద్దాయన చేతికివ్వడానికైతే వద్దు.

హిస్_వినిపిస్తోందా:
ప్లేయర్ సంగతి తర్వాత గురూ, ముందు ఆ 480 ఎక్కడ్నుంచి వచ్చింది? క్యాసెట్లు 24 బిట్ 96 కిలోహెర్ట్జ్ వేవ్‌లో, అంటే కంప్రెస్ చెయ్యని పెద్ద ఫైళ్ళుగా తీశారా?

నాగోలు_శ్రోత:
అవునండీ, అన్నయ్య అలాగే సెట్ చేశాడు, ఎక్కువ పెడితే మంచిదని. తప్పా?

హిస్_వినిపిస్తోందా:
తప్పేం కాదు, దాచుకోవడానికి అదే కరెక్ట్, రేపు హిస్ (టేపు బుస) తగ్గించాలన్నా లెవెల్ సరిచెయ్యాలన్నా ఆ ఫైలే పనికొస్తుంది. కానీ మోసుకు తిరగడానికి అది అక్కర్లేదు. లెక్క చూడండి, 24/96 స్టీరియో వేవ్ గంటకి 2 జీబీ పైనే. అదే సీడీ లెక్కన 16 బిట్ 44.1కి దించితే 635 ఎంబీ, దాన్ని ఫ్లాక్ చేస్తే 400 ఎంబీ అటూఇటూ, హిస్ బాగా ఉన్న టేపైతే ఇంకొంచెం ఎక్కువ, ఎందుకంటే గరగరని ఏ కంప్రెషనూ పెద్దగా నొక్కలేదు. అంటే అయిదో వంతుకి వచ్చేసింది. 44.1 కిలోహెర్ట్జ్‌లో 20 కిలోహెర్ట్జ్ దాకా శబ్దం మొత్తం పడుతుంది, మామూలు క్యాసెట్‌లో పైన అంత కూడా ఉండదు. ప్రవచనాలు ఇంకా దారుణం, ఒక మనిషి మాట్లాడేదానికి స్టీరియో ఎందుకు, మోనోలో 64 కేబీపీఎస్ ఎంపీ3 చెయ్యండి, గంటకి 29 ఎంబీ, మాట శుభ్రంగా వినిపిస్తుంది. సీడీ రిప్పులు ఫ్లాక్‌లో ఉంటే ముట్టుకోవద్దు, పాత ఎంపీ3లు కూడా ముట్టుకోవద్దు, వాటిని ఫ్లాక్ చేస్తే సైజు పెరగడం తప్ప ఒరిగేదేం లేదు. ఇదంతా చేశాక మీకు 256 కార్డు సరిపోయినా ఆశ్చర్యపోను.

మెట్రోలో ఆ రొద మధ్య 24 బిట్ తేడా ఎవడికీ తెలీదు. ఆ మిగిలే డబ్బు చెవిలో బిగుతుగా కూర్చునే మంచి ఇన్-ఇయర్ మీద పెట్టండి, బయటి శబ్దం ఆగితే వాల్యూమ్ కూడా తక్కువలో వినొచ్చు.

మల్కాజిగిరి_మామ:
తమ్మీ, ఇంట్ల పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఏదన్న పడున్నదా, కార్డు స్లాటు, జాకు ఉన్నది? సిమ్ తీసెయ్, వైఫై బంద్ చెయ్, కార్డు వెయ్, అయిపాయె నీ ప్లేయర్. నేను ఎల్‌జీ వీ30 గట్లనే వాడుతున్న, దాంట్ల డాక్ (ఫైలును సప్పుడుగ మార్చే చిప్పు) మస్తుంటది, కంపెనీ 2021ల ఫోన్ల ధందా బంద్ చేసింది కాబట్టి బ్యాటరీ ఒక్కటే టెన్షన్. కొత్తది కొంటనే అంటవా, సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌ల తిరిగితే ఫోన్లు, కార్డులు దొరుకుతయి గానీ ఇసొంటి ప్లేయర్లు షోకేసుల పెట్టి వినిపించేటోళ్ళు తక్కువ, ఆన్‌లైన్‌లనే తీసుకోవాలె, రిటర్న్ ఉన్నదా లేదా సూసుకో.

కార్డు మాత్రం పైలం. 1 టీబీ అని అగ్గువకు వస్తున్నదంటే అది 1 టీబీ కాదు. లోపల 32నో 64నో ఉంటది, చిప్పు మాత్రం 1 టీబీ అని అబద్ధం చెప్తది, కాపీ కూడా మంచిగనే అయితది, నిండినంక కొత్త పాటలు పాతవాటి మీద రాసుకుంటపోతది, మూడు నెలల తర్వాత పాట పెడితే సప్పుడు రాదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉన్నది, కొన్న రోజే కార్డు మొత్తం రాసి మళ్ళ చదివి చెప్తది. రాత్రి పెట్టి పండుకో.

ట్యాగుల_అక్క:
అందరూ జీబీల దగ్గరే ఆగిపోయారు. కార్డు ఎంతైనా పెట్టొచ్చు, ఇప్పుడొచ్చే ప్లేయర్లలో చాలావాటికి 2 టీబీ దాకా తీసుకుంటామనే రాసుంటుంది. పదివేల పాటల్లో కావాల్సింది మెట్రోలో ఒంటిచేత్తో దొరుకుతుందా అన్నదే అసలు తలనొప్పి. మన సినిమా పాటలతో ఇంకా కష్టం, ఒక సినిమాలో ఆరు పాటలుంటే నలుగురు గాయకులు, ప్లేయర్ ఆ సినిమాని నాలుగు ఆల్బమ్‌లుగా ముక్కలు చేసి చూపిస్తుంది. ఎంపీ3ట్యాగ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక సినిమా పాటలన్నీ సెలెక్ట్ చేసి ఆల్బమ్ ఆర్టిస్ట్ అన్న గడిలో సంగీత దర్శకుడి పేరు ఒకటే కొట్టండి, కంపోజర్ గడిలో కూడా అదే, ముక్కలన్నీ ఒకచోటికి వస్తాయి. నెట్‌లోంచి దింపిన పాత ఎంపీ3ల్లో ప్రతి గడిలో ఏదో వెబ్‌సైట్ పేరుంటుంది, ముందు అది తుడవాలి.

తెలుగులో పేర్లు కావాలంటే ఆండ్రాయిడ్ ఉన్న ప్లేయరే మంచిది, మన ఫోన్‌లో కనిపించినట్టే కనిపిస్తాయి. ఆండ్రాయిడ్ లేని చిన్నవాటిలో (హైబీ ఆర్1, షాన్‌లింగ్ ఎం0 ప్రో లాంటివి, ముద్దొస్తాయి, జేబులో తెలీదు) తెలుగు వస్తుందని ముందే నమ్మకం పెట్టుకోకండి, డబ్బాలు కనిపించొచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో పెడితే ఇంకో గోల, ఘంటసాల అని ఒక పాటకి ఒక ఏ తక్కువ, ఇంకో పాటకి ఒక ఏ ఎక్కువ, ప్లేయర్ దృష్టిలో ఇద్దరు ఘంటసాలలు. ఏదో ఒక స్పెల్లింగ్ పెట్టుకుని దానికే కట్టుబడండి.

మీ బడ్జెట్‌లో ఫియో జేఎం21 చూడండి, ఆండ్రాయిడ్ 13, జాక్ ఉంది, 2 టీబీ దాకా కార్డు. వేరే యాప్ వేసుకుంటే ఆగినచోటు నుంచి మొదలవ్వడం కూడా వస్తుంది, ప్రవచనాలకి ఆడియోబుక్ యాప్ ఒకటి విడిగా పెట్టుకుంటే పాటలతో కలిసిపోవు. కచేరీలు రాగం, తానం, పల్లవి అని ట్రాకులుగా కోసి పెట్టి ఉంటే గ్యాప్‌లెస్ ఆన్ చెయ్యండి, లేకపోతే పల్లవి అందుకునే చోట చిన్న ఖాళీ వచ్చి ప్రాణం ఉసూరుమంటుంది.

నాగోలు_శ్రోత:
థ్యాంక్స్ అక్కా, మామా, అందరికీ. ముందు మార్చే పని మొదలుపెడతా, తర్వాతే కొంటా. నాన్నగారికి టచ్ స్క్రీన్ అలవాటే, యూట్యూబ్ నాకంటే ఎక్కువ చూస్తారు. ఒక డౌటు, కార్డు ప్లేయర్‌లో పెట్టే కేబుల్‌తో కాపీ చెయ్యొచ్చా?

మల్కాజిగిరి_మామ:
చెయ్యొచ్చు గానీ కేబుల్‌తోని మస్తు నిదానం అయితది, కార్డు తీసి యూఎస్‌బీ 3 రీడర్‌ల పెట్టు. ప్లేయర్‌లనే ఫార్మాట్ కొట్టినంక కాపీ చెయ్. 512 కార్డు కొంటే కంప్యూటర్‌ల 476 సూపిస్తది, దానికి వాపస్ పంపియ్యకు, లెక్క గంతనే. హార్డ్ డిస్క్ ఇంకొకటి కొని అసలు ఫైళ్ళు దాంట్ల కూడా పెట్టు, ఆ క్యాసెట్లు మళ్ళ తియ్యనీకె టేపు ఉంటదో ఊడుతదో.