3.53 ఓ-రింగ్ ఫేస్ సీల్ లీకైతే: గ్రూవ్ లోతు తగ్గించాలా, వెడల్పు పెంచాలా?

కవర్‌ప్లేట్:
గేర్ ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ మూత గురించి ఈ ప్రశ్న. మూత మైల్డ్ స్టీల్, 8 బోల్టులు, ఎం12, 8.8 గ్రేడు. లోపల ఒత్తిడి 6 బార్, ఆయిల్ 80 డిగ్రీల సెల్సియస్. రింగు ఏఎస్568 (ఓ-రింగు కొలతల ప్రమాణం)లో 258 నంబరు: లోపలి వ్యాసం 151.99, మందం 3.53 మి.మీ. నైట్రైల్ రబ్బరు, గట్టిదనం 70 షోర్. గ్రూవ్ (రింగు కూర్చునే గాడి) మూతలోనే ఉంది, హౌసింగ్ ముఖం చదును; ఇలా రెండు ముఖాల మధ్య రింగు నొక్కుకుని మూసేదే ఫేస్ సీల్. లోతు 2.80 (±0.05), వెడల్పు 4.10. నాలుగు మి.మీ. ఎండ్ మిల్‌ని రింగు సెంటర్‌లైన్ మీద తిప్పి కోశారు.

కొత్త రింగు వేస్తే బొట్టు కారదు. కొన్ని నెలలకు ఫ్లేంజ్ అంచంతా చెమరుస్తుంది. విప్పితే రింగు గుండ్రంగా లేదు, నలుపలకలుగా తయారైంది: ఎత్తు 2.95, వెడల్పు సరిగ్గా 4.1. ఒక అంచున పల్చటి రెక్కలా రబ్బరు పొడుచుకొచ్చింది.

షాపులో రెండు మాటలు నడుస్తున్నాయి. లోతు 2.35కి తగ్గించి 33 శాతం నొక్కమంటారు కొందరు. లోతు జోలికి పోకుండా వెడల్పు పెంచమంటారు మిగతావాళ్లు. ఏది సరి, ఎందుకు?

హైడ్రాలిక్స్ శేఖర్:
ముందు స్క్వీజ్, అంటే రింగు మందంలో ఎంత నొక్కుతున్నామో చూడండి. డ్రాయింగ్ మీద 0.73 మి.మీ., అంటే 20.7 శాతం. కానీ ఈ రింగు మందానికి టాలరెన్స్ ±0.10. సన్న రింగు 3.43 వచ్చి, గ్రూవ్ 2.85 తెగిందంటే మీకు దక్కేది 0.58, అంటే 17 శాతం. ఫేస్ సీల్‌కి హ్యాండ్‌బుక్కులు 20 నుంచి 30 అడుగుతాయి. స్టాటిక్ సీల్‌లో రాపిడి లేదు, అరుగుదల లేదు, స్క్వీజ్‌కి వెనకాడాల్సిన పని లేదు. రబ్బరు ఎలాగూ కాలంతో చదునవుతుంది. మొదట ఎంత ఎక్కువ నొక్కి ఉంచితే చివరికి అంత మిగులుతుంది. 33 పెట్టండి.

సీతారామ్_డిజైన్:
శేఖర్ గారూ, 17 శాతం తక్కువన్న మాట ఒప్పుకుంటాను. కానీ మీరు చెప్పిన 2.35 లోతుకి ఈ మూత మూసుకోదు.

3.53 రింగు అడ్డుకోత వైశాల్యం 9.79 చదరపు మి.మీ. మీరు చెప్పిన గ్రూవ్ 2.35 × 4.10, అంటే 9.64. రబ్బరు స్పాంజి కాదు, నొక్కితే ఆకారం మారుతుంది గానీ ఘనపరిమాణం తగ్గదు. 9.79ని 9.64లో పెట్టలేం. లోహం లోహాన్ని తాకదు, బోల్టు టార్క్ రబ్బరు మీద ఆగిపోతుంది, బోల్టుల మధ్య మూత వంగుతుంది, ఆ సందులోకే రబ్బరు దూరి చిరుగుతుంది.

అసలు ఇప్పుడున్న గ్రూవే నిండిపోయి ఉంది. 2.80 × 4.10 అంటే 11.48, మామూలు రింగుతోనే ఫిల్ (గ్రూవ్‌లో రబ్బరు నింపే వాటా) 85 శాతం. లావు రింగు 3.63 పడితే 10.35, అంటే 90. ఇప్పుడు వేడి కలపండి. రబ్బరు వ్యాకోచం స్టీలుకి పది రెట్ల పైనే ఉంటుంది, 25 నుంచి 80 డిగ్రీలకు ఘనపరిమాణం సుమారు 2.5 శాతం పెరుగుతుంది. ఆయిల్‌లో ఉబ్బు 8 శాతం అనుకుంటే 11.46. గ్రూవ్ 11.48! ఊపిరాడే చోటు లేదు. రింగు వెడల్పు సరిగ్గా 4.1 ఉండటం, మూలలు పదునుగా రావడం, అంచున రెక్క, మూడూ దీన్నే చెబుతున్నాయి. వేడికి ఉబ్బిన రబ్బరు చోటు లేక సందులోకి వచ్చింది.

డిజైన్‌లో మామూలు ఫిల్ 75–80 దగ్గర ఉండాలి, 85 దాటనివ్వకూడదు. అన్నీ చెడ్డవైపు కలిసిన లెక్కలో కూడా 95 లోపు ఆగాలి.

హైడ్రాలిక్స్ శేఖర్:
వెడల్పు చాలదన్నది నిజమే, దాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. అయితే రెండూ చేద్దాం. లోతు 2.35, వెడల్పు 5.4. ఫిల్ 77కి వస్తుంది. అప్పుడు 33 శాతానికి మీ అభ్యంతరం ఏమిటి?

సీతారామ్_డిజైన్:
మూడున్నాయి. 33 అనేది నడిమి లెక్క మాత్రమే: లావు రింగు, 2.30 లోతు కలిస్తే 36 దాటుతుంది. అంత నొక్కితే రబ్బరు లోపల సాగదీసే ఒత్తిడి పెరిగి, వేడిలో రింగు పొడవునా పగుళ్లు మొదలవుతాయి. రెండోది, 5.4 వెడల్పులో రింగుకి రెండు గోడల ఆసరా ఉండదు. పంపు ఆగి మొదలైనప్పుడల్లా గ్రూవ్‌లో అటూ ఇటూ జరుగుతుంది. మూడోది మూతను కూర్చోబెట్టే బలం. స్క్వీజ్ 20 నుంచి 35కి వెళ్తే బలం ఆ నిష్పత్తిలో కాదు, అంతకంటే బాగా నిటారుగా పెరుగుతుంది. ఎం12 బోల్టులకు ఫర్వాలేదు, పల్చటి అల్యూమినియం మూతకు ఇదే వంపు తెస్తుంది.

సన్న రింగుల విషయంలో మాత్రం మీ మాట నిలుస్తుంది. 1.78 రింగుకి ±0.08 టాలరెన్స్ ఉంటుంది, శాతంలో అది పెద్ద వాటా. అందుకే అక్కడ హ్యాండ్‌బుక్కులే 32 దాకా వెళ్తాయి. 6.99కి వచ్చేసరికి 29 దగ్గర ఆపేస్తాయి. షాఫ్టు మీద, బోరులో వేసే రేడియల్ స్టాటిక్ సీల్‌కి ఇంకా తక్కువ, ఎందుకంటే అసెంబ్లీలో రింగు జారి లోపలికి పోవాలి.

3.53 ఫేస్ సీల్‌కి నా ఓటు: లోతు 2.57–2.72, వెడల్పు 4.50–4.75. సన్న రింగు, లోతైన గ్రూవ్ కలిసినా 20.7 శాతం దక్కుతుంది. లావు రింగు, లోతు తక్కువ గ్రూవ్ కలిసినా 29.2 దాటదు.

వాక్యూమ్ లక్ష్మి:
ఈ 4.10 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పగలను. 3.53 రింగుకి గ్యాసు, వాక్యూమ్ పట్టికలో ఉండే వెడల్పు 4.01–4.17. ఎవరో పట్టికలో పక్క నిలువు వరుస చదివారు, లేదా 4 మి.మీ. కట్టర్‌కి అది సరిగ్గా కలిసొచ్చింది.

మా పనిలో ఆ ఇరుకే కావాలి. వాక్యూమ్‌లో రబ్బరుని ఉబ్బించే ఆయిల్ లేదు. అక్కడ పోరు లీకుతోనే కాదు, రబ్బరు గుండా గ్యాసు ఊరడంతో కూడా. ఆ ఊట (1 − స్క్వీజ్) వర్గానికి అనులోమంగా ఉంటుంది. స్క్వీజ్ 20 అయితే 0.64, 30 అయితే 0.49. అంటే ఊట దాదాపు నాలుగోవంతు తగ్గుతుంది. కాబట్టి శేఖర్ గారూ, "స్టాటిక్ అయితే ఎక్కువ నొక్కండి" అన్నది మా ఫ్లేంజ్‌లకు సరైన సలహా, 30 వరకు. వేడి ఆయిల్‌కి దాన్ని తీసుకురాకూడదు.

ఇంకొకటి: ఒత్తిడి ఏ వైపు నుంచి అన్నది వెడల్పు ఏ వైపు పెంచాలో నిర్ణయిస్తుంది. లోపలి నుంచి ఒత్తిడి వస్తే రింగు బయటి గోడకు ఆని కూర్చోవాలి. వాక్యూమ్‌లో లోపలి గోడకు. ఈ మూతకు ఒత్తిడి లోపలే కాబట్టి బయటి గోడను ముట్టుకోకుండా, లోపలి గోడనే కోయండి.

లేత్ బాషా:
కొలతల గొడవలో ఫినిష్‌ని అందరూ వదిలేశారు. ఎండ్ మిల్‌తో తిప్పిన గ్రూవ్ అడుగు చూడండి, విల్లు ఆకారపు గీతలు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. వాటిలో చాలా గీతలు లోపలి గోడ నుంచి బయటి గోడకు అడ్డంగా దాటుతాయి. ప్రతి గీతా ఆయిల్‌కి ఒక కాలువ. రింగు కొత్తగా, మెత్తగా ఉన్నంత కాలం గీతలోకి దిగి మూసేస్తుంది. గట్టిపడ్డాక దిగదు. నెలల తర్వాత చెమర్చడం దీనికీ సరిపోతుంది.

ఇది గుండ్రటి గ్రూవ్, లేత్ మీదే కోయాలి. ఫేస్ గ్రూవింగ్ టూల్‌తో కోస్తే గీతలన్నీ రింగుతో పాటే చుట్టూ తిరుగుతాయి, అడ్డంగా దాటవు. అడుగు, ఎదుటి ముఖం ఆయిల్‌కి ఆర్‌ఏ (గరుకుదనం కొలత, మైక్రాన్లలో) 0.8 చాలు, గ్యాసుకి 0.4. పక్క గోడలకు 1.6 వచ్చినా చాలు.

మూతను పారేయక్కర్లేదు. లేత్‌కి కట్టి:
— మొదట మూత ముఖాన్ని 0.15 స్కిమ్ చేయండి, అంటే పల్చగా చెక్కండి. లోతు 2.80 కాస్తా 2.65 అవుతుంది, చదును కూడా తిరిగొస్తుంది.
— గ్రూవ్ బయటి వ్యాసం ఇప్పుడు 159.62 ఉండాలి, వదిలేయండి. లోపలి వ్యాసం 151.42 నుంచి 150.12కి తగ్గించండి. వెడల్పు 4.75.
— అడుగు గీతలు పోవాలంటే 0.05 అయినా తీయాలి. ఆ 0.05 ముఖం స్కిమ్‌లో కలుపుకోండి, 0.15 బదులు 0.20.
— అడుగు మూలల్లో 0.3–0.5 రేడియస్. పై అంచులకు 0.1–0.2 విరుపు చాలు. అంతకు మించి చాంఫర్ కొడితే రబ్బరు దూరడానికి మీరే దారి తీసినట్టు.
— ఎమరీ పేపర్‌తో అడ్డంగా రుద్దొద్దు. రుద్దాల్సొస్తే మూత తిరుగుతుండగానే.

రింగు బయటి వ్యాసం 159.05, గ్రూవ్ 159.62. ఆ తేడా మూడోవంతు శాతం సాగుడు, నొక్కినప్పుడే సర్దుకుంటుంది.

రబ్బర్ విమల:
మీ కొలతల్లోనే ఇంకో జవాబు ఉంది. రింగు 3.53 నుంచి 2.80కి నొక్కారు, అంటే 0.73. విప్పాక 2.95 ఉంది, తిరిగొచ్చింది 0.15 మాత్రమే. కంప్రెషన్ సెట్, అంటే నొక్కిన దాంట్లో తిరిగి లేవని వాటా, 79 శాతం. పైగా ఉబ్బు ఉంటే అసలు సెట్ ఇంకా ఎక్కువ.

ఇదే 79 ఉంచి శేఖర్ గారి 2.35 లోతు చూద్దాం: 1.18లో 21 శాతం, అంటే 0.25 మి.మీ. మిగులు. సీతారామ్ గారి 2.65తో 0.18. అంత గొడవకు తేడా 0.07. అదే రబ్బరు మార్చి సెట్‌ని 40కి ఆపగలిగితే, 2.65 లోతులో మిగులు 0.53. గ్రూవ్‌తో గెలవలేనిది మెటీరియల్‌తో గెలవొచ్చు.

80 డిగ్రీలు నైట్రైల్‌కి హద్దు దాటిన వేడి కాదు. కానీ గేర్ ఆయిల్‌లోని సల్ఫర్-ఫాస్ఫరస్ ఈపీ (తీవ్ర ఒత్తిడిని తట్టుకునేందుకు కలిపే) అడిటివ్‌లు వేడిలో నైట్రైల్‌ని గట్టిపరుస్తాయి. సల్ఫర్‌తో క్యూర్ చేసిన మామూలు నైట్రైల్ సెట్ తొందరగా తీసుకుంటుంది. పెరాక్సైడ్ క్యూర్ నైట్రైల్ అడగండి, లేదా హెచ్‌ఎన్‌బీఆర్, ఎఫ్‌కేఎం రబ్బర్లు. కొనేటప్పుడు "70 షోర్ నలుపు" అని కాకుండా కంప్రెషన్ సెట్ విలువ, ఏ ఉష్ణోగ్రతలో, ఎన్ని గంటలకు అన్నది రాయించుకోండి. ఈపీడీఎం రబ్బరును మాత్రం ఈ ఆయిల్ దరిదాపుల్లోకి రానివ్వొద్దు, మినరల్ ఆయిల్‌లో విపరీతంగా ఉబ్బుతుంది. చూపుకి అన్ని రింగులూ నల్లగా ఒకేలా ఉంటాయి, స్టోర్స్‌లో కలిసిపోతాయి.

హైడ్రాలిక్స్ శేఖర్:
విమల గారి లెక్కకు నా దగ్గర జవాబు లేదు. ఒక సందేహం మిగిలింది. చలిలో స్టార్టయ్యే యంత్రాలకైనా అదనపు స్క్వీజ్ కావాలి కదా? చలికి రబ్బరు బిగుసుకుంటుంది, కుంచించుకుంటుంది.

రబ్బర్ విమల:
కుంచించుకోవడానికి కొంత అదనం న్యాయమే, 25 బదులు 27–28 చాలు. బిగుసుకోవడానికి అది మందు కాదు. 1986 జనవరి 28 నాటి ఛాలెంజర్ స్పేస్ షటిల్ ప్రమాదం మీద దర్యాప్తు చేసిన రోజర్స్ కమిషన్ చెప్పింది ఇదే: సుమారు 24 డిగ్రీల్లో ఉన్న రింగు, మైనస్ 1లో ఉన్నదాని కంటే తిరిగి లేవడంలో ఐదు రెట్లు చురుకు. ఒత్తిడికి రాకెట్ బూస్టర్ జాయింట్ తెరుచుకున్నప్పుడు చల్లటి రింగు ఆ సందు వెంట లేవలేకపోయింది. తర్వాత ఏం చేశారో చూడండి: జాయింట్ తెరుచుకోకుండా లోహంలోనే పట్టు పెట్టారు, మూడో రింగు చేర్చారు, హీటర్లు అమర్చారు. సందు కదలకుండా చూడటం మొదటి పని.

సీతారామ్_డిజైన్:
ఈ మూత కదలదు. 159 వ్యాసం మీద 6 బార్ అంటే సుమారు 12 కిలోన్యూటన్లు. సరైన టార్క్‌లో ఒక్క ఎం12 8.8 బోల్టే 35 దాకా పట్టి ఉంచుతుంది, ఎనిమిదికి 280. అయితే అది లోహం లోహాన్ని తాకినప్పటి మాట. ఇప్పటి నిండిన గ్రూవ్‌తో తాకిందో లేదో అనుమానమే. బోల్టుల మధ్య అంచులో 0.03 ఫీలర్ గేజ్ దూరుతుందేమో చూడండి.

కవర్‌ప్లేట్:
చూశాం. రెండు బోల్టుల మధ్య 0.05 కూడా దూరింది. స్కిమ్ 0.20, వెడల్పు 4.75, పెరాక్సైడ్ క్యూర్ నైట్రైల్‌తో వెళ్తున్నాం. పక్క యూనిట్‌లో చదరపు మూత ఉంది, దాన్ని లేత్ మీద కోయలేం. దానికి ఏం జాగ్రత్త?

లేత్ బాషా:
మూలల్లో లోపలి రేడియస్ రింగు మందానికి కనీసం మూడింతలు, అంటే 3.53కి 10.6. చోటుంటే ఆరింతలు, 21. అంతకంటే ఇరుకైతే మూల దగ్గర రింగు లేచి నిలబడుతుంది. మిల్లింగే గతి కాబట్టి గ్రూవ్ వెడల్పు కంటే చిన్న కట్టర్ వాడి రెండు గోడలూ విడిగా కోయండి. చివరి పాస్‌లో అడుగు 0.05 మాత్రమే తీయండి. తర్వాత గ్రూవ్ పొడవునా స్టోన్‌తో రుద్దండి, అడ్డంగా ఒక్కసారి కూడా వద్దు.

రబ్బర్ విమల:
రెండు మూతలకూ మొదటి సర్వీసులో రింగు విప్పి, ఒక రోజు వదిలేసి, చుట్టూ ఎనిమిది చోట్ల ఎత్తు కొలవండి. 3.53లోంచి ఆ ఎత్తు తీసేసి, మొదట నొక్కిన 0.88 (3.53 − 2.65)తో భాగించి, వందతో గుణించండి. ఎనిమిదీ దగ్గరదగ్గరగా ఉంటే రబ్బరు వయసు తెలుస్తుంది. ఒకట్రెండు చోట్ల మాత్రమే ఎక్కువ తేడా వస్తే అక్కడ మూత వంగిందని, రింగుని తప్పుపట్టొద్దు. సెట్ 60 దాటగానే మార్చేయండి, 80 దాకా ఆగితే మళ్లీ అంచు చెమరుస్తుంది.