పెట్టుడు కాలు గట్టు దిగేటప్పుడు మడుచుకుపోతోంది, ‘కదం’ మోకాలు పెట్టిస్తే ఆగుతుందా?

ఖమ్మం_రైతుబిడ్డ:
మా నాన్న కాలు రోటవేటర్‌లో పడితే మోకాలి పైదాకా తీసేశారు. ఒక క్యాంపులో పెట్టుడు కాలు ఇచ్చారు, ఇంట్లో బాగానే తిరుగుతున్నారు గానీ పొలం గట్టు దిగబోతే మోకాలు చటుక్కున మడుచుకుపోతుంది, పడ్డారు కూడా. ఇక పొలం పేరే ఎత్తట్లేదు. ఐఐటీ మద్రాస్ వాళ్లు 2022లో కదం అని ఒక మోకాలు తెచ్చారని చదివా. వాడినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, అమ్మకి ఒకటే టెన్షన్.

సాకెట్_మేస్త్రి:
తమ్ముడూ, ఈ కాళ్లు బిగించడమే నా పని. మీ నాన్నగారిది ఒకే ఇరుసు ఉన్న మోకాలు అయ్యుంటుంది, తలుపు బందు లాంటిది. ఒంటి బరువు ఇరుసుకి ముందు పడినంతసేపు నిలబడుతుంది, వాలు దిగేటప్పుడు బరువు వెనక్కి జారుతుంది, ఇక అంతే. కదంలో ఒక్క ఇరుసు కాదు, ఒకదానికొకటి కలిపిన కడ్డీలు, అంటే లింకులుంటాయి, కాలు వంగేకొద్దీ తిరిగే కేంద్రమే జరుగుతుంటుంది. మడమ ఆనినప్పుడు అది వెనక్కీ పైకీ ఉంటుంది కాబట్టి అంత తేలిగ్గా మడవదు, అడుగు వేసేటప్పుడు కాలు కాస్త పొట్టిదైనట్టయి వేళ్లు నేలకి కొట్టుకోవు. 30 లక్షల సార్లు బరువు మోపి పరీక్షించారు, మంచి సరుకే.

కానీ ముందు సాకెట్, అంటే మిగిలిన తొడ దూరే తొడుగు చూడు. ఆపరేషన్ అయ్యాక మొదటి ఏడాది కండ చిక్కిపోతూ ఉంటుంది, సాకెట్ వదులవుతుంది. లోపల తొడ ఆడుతుంటే ఏ మోకాలు పెట్టినా మాట వినదు. కాలు విప్పాక ఎర్ర మచ్చలు 10 నిమిషాల్లో పోకపోతే తేడా ఉన్నట్టే. ఉన్న మోకాలినే కాస్త వెనక్కి జరిపి బిగిస్తే కూడా కొంత కుదురుతుంది, అది ముందు అడుగు.

ఎడమకాలు_స్పెషల్:
నాది కదం కాదు గానీ లింకుల మోకాలే. ఇరుకు బస్సు సీట్లో కాలు పూర్తిగా మడిచి కూర్చుంటా, ఆ సుఖం చెప్పలేను (కదం అయితే 160 డిగ్రీలు వంగుతుందట). పొలం వేరే కథ. దమ్ము చేసిన మడిలో పాదం దిగబడితే సాకెట్ ఊడొస్తుంది, ఇసుక దూరితే కిర్రుమంటుంది, రోజూ తుడవాల్సిందే. గట్టు దిగేటప్పుడు పెట్టుడు కాలు ముందు దించమను, ఎక్కేటప్పుడు మంచి కాలు. ఇది ఫిజియో దగ్గర నేర్చుకోవాలి, క్యాంపుల్లో అంత తీరిక ఉండదు.

బయోమెక్_స్టూడెంట్:
కదం ఒక్క ఐఐటీదే కాదండీ, బెంగళూరు సొసైటీ ఫర్ బయోమెడికల్ టెక్నాలజీ, మొబిలిటీ ఇండియా కూడా కలిసి చేశాయి. మన హైదరాబాద్‌లోనే కలాం గారు, నిమ్స్ డాక్టర్ వచ్చి అడిగితే, క్షిపణులకి వాడే తేలికైన కాంపోజిట్ పదార్థంతో పిల్లలకి క్యాలిపర్లు (కాలికి ఊతంగా కట్టే పట్టీలు) చేయించారు, మూడు కిలోలవి దాదాపు 300 గ్రాములకి వచ్చాయి. పరిశోధనకి లోటేం లేదు, జిల్లాల్లో బోల్టు బిగించే మనిషి దొరకడమే కష్టం. రిపేరు ఎక్కడ చేస్తారో అడిగాకే కొనండి.

ఖమ్మం_రైతుబిడ్డ:
ఇప్పుడే విప్పించి చూశా, గజ్జల దగ్గర ఎరుపు అరగంటైనా పోలేదు. మేస్త్రి అన్నా, సాకెట్ సరిచేయించేదాకా లోపల తొడకి వేసే సాక్సు ఇంకోటి వేయొచ్చా?

సాకెట్_మేస్త్రి:
వేసి చూడు. తొడ లోపలికి దిగిపోతేనే గజ్జల్లో ఒరుసుకునేది. చర్మం లేస్తే మాత్రం కాలు తొడగొద్దు, పెట్టుడు కాళ్లు బిగించే సెంటర్‌కి వెళ్లి సాకెట్ చూపించు. మోకాలి సంగతి ఆ తర్వాత మాట్లాడదాం.