ఘాట్ ఎక్కే లారీకి పొగ వేడి మీటరు: టర్బోకు ముందా, తరువాతా?

పెందుర్తి లారీ:
నాకు 2012 నాటి ఆరు చక్రాల లారీ ఉంది. బీఎస్3 (పాత పొగ ప్రమాణం), టర్బో (పొగ ఊపుతో తిరిగి ఇంజనుకు గాలి ఎక్కించేది), డీజిల్ పంపు ఇంజను. విశాఖ నుంచి అరకుకు సిమెంటు, ఇనుము వేస్తాం. పోయిన వేసవిలో బొడ్డవర దాటి ఘాట్ ఎక్కుతుండగా అయిదో సిలిండర్ పిస్టన్ కరిగిపోయింది. నీళ్ల వేడి ముల్లు మధ్యలోనే ఉందట. ఇంజను మొత్తం విప్పాల్సి వచ్చింది. ఈసారి పొగ వేడి చూపే మీటరు పెట్టాలనుకుని కె రకం థర్మోకపుల్ (రెండు లోహాల తీగలతో వేడి కొలిచేది) కొన్నాను. మీటరు డిజిటల్‌ది, గరిష్ఠంగా ఎంత చేరిందో గుర్తు పెట్టుకుంటుంది. ప్రోబ్‌ను (పొగలోకి దూర్చే దాని కొనను) మానిఫోల్డ్‌లో (సిలిండర్ల పొగ కలిసే పోత ఇనుప గొట్టంలో) టర్బోకు ముందు బిగించాలా, టర్బో దాటాక పైపులో బిగించాలా? చేసి చూసినవాళ్లు చెప్పండి.

ఆటోనగర్ మేస్త్రీ:
టర్బో దాటాక పెట్టండి. ముప్పై ఏళ్లుగా టర్బో ఇంజన్లు విప్పుతున్నాను. మానిఫోల్డ్‌కు రంధ్రం వేస్తే పోత ఇనుము రజను లోపల పడుతుంది. ఇంజను తిరగగానే అది నేరుగా టర్బైను రెక్కల మీదకు వెళుతుంది. ప్రోబ్ కొన విరిగినా అదే దారి. నిమిషానికి లక్ష చుట్లు తిరిగే చక్రానికి గోరంత ముక్క చాలు. పైపులో పెడితే విరిగినా సైలెన్సర్‌లో పడుతుంది, ఎవరికీ నష్టం లేదు. చూపిన అంకెకు నూట యాభై కలుపుకోండి, సరిపోతుంది.

కొలత:
ఉక్కు కర్మాగారంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో 28 ఏళ్లు పనిచేశాను. మేస్త్రీ గారి భయం నిజమే, కానీ ఆ నూట యాభై లెక్క ప్రమాదం. టర్బైను వేడి పొగ నుంచి శక్తిని లాక్కుంటుంది కాబట్టే అవతల వేడి తగ్గుతుంది. ఎంత లాక్కుంటుందన్నది లోడును బట్టి మారుతుంది. ఖాళీగా తిరిగేటప్పుడు తేడా దాదాపు ఉండదు. నిండు లోడుతో ఘాట్‌లో ఉన్నప్పుడు వంద ఉండవచ్చు, రెండు వందలు ఉండవచ్చు. అంటే మీటరు ఏ క్షణంలో నిజం చెప్పాలో సరిగ్గా ఆ క్షణంలోనే మీరు ఊహించుకుంటూ కూర్చుంటారు. ముందే పెట్టండి. చాలామంది పాటించే హద్దు టర్బోకు ముందు సుమారు 700 డిగ్రీలు. కొన్ని సెకన్లు దాటితే ఫరవాలేదు, నిమిషాల తరబడి అక్కడే ఉండకూడదు.

రంధ్రం విషయం: మానిఫోల్డ్ విప్పి బల్ల మీద పెట్టి వేయించండి. రజను సమస్యే ఉండదు.

ఆటోనగర్ మేస్త్రీ:
విప్పడం మీకు మాట, మాకు పని. పన్నెండేళ్లు దాటిన మానిఫోల్డ్ స్టడ్డులు (దాన్ని ఇంజను హెడ్డుకు పట్టి ఉంచే బోల్టులు) తుప్పు పట్టి ఉంటాయి. ఒకటి హెడ్డులో విరిగితే ఎవరు తీస్తారు? నాకు అలా రెండు విరిగాయి. రాత్రి పదకొండు దాకా కూర్చుని వెల్డింగు పెట్టి తీశాను. బండి యజమాని ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వలేదు, పైగా విరగ్గొట్టింది నేనే అన్నాడు.

ఇంకొకటి. అల్యూమినియం కరిగేది 660 దగ్గర. మీ హద్దు 700. మీ లెక్కన హద్దు చేరకముందే పిస్టన్ నీరైపోవాలి కదా?

కొలత:
పొగ వేడి, పిస్టన్ వేడి ఒకటి కావు. మండే క్షణంలో సిలిండర్ లోపల వాయువు రెండు వేల డిగ్రీల దాకా వెళుతుంది. అయినా పిస్టన్ తల సుమారు మూడు వందల పైచిలుకు దగ్గరే ఉంటుంది. కింద నుంచి నూనె చిమ్మి చల్లబరుస్తుంది, ప్రతి చుట్టులోనూ చల్లని గాలి లోపలికి వస్తుంది. పొగ వేడి పెరిగిందంటే పిస్టన్‌లోకి చేరే వేడి, బయటికి పోయే వేడి కంటే ఎక్కువవుతోందని గుర్తు. నీళ్ల మీటరుకు ఈ సంగతి చాలా ఆలస్యంగా తెలుస్తుంది, ఒక్కోసారి అసలు తెలియదు.

పెందుర్తి గారూ, ఒక మాట చూసుకోండి. ఆరు సిలిండర్ల ఇంజన్లలో చాలావాటికి మానిఫోల్డ్ రెండు గదులుగా ఉంటుంది. ముందు మూడు ఒక గదిలోకి, వెనుక మూడు ఇంకో గదిలోకి పొగ వదులుతాయి. ప్రోబ్ ముందు గదిలో పెడితే అయిదో సిలిండర్ సంగతి దానికి ఎప్పటికీ తెలియదు. వెనుక గదిలో, టర్బో ఫ్లాంజి (బిగింపు అంచు) దగ్గర, మూడూ కలిసే చోట పెట్టండి. కొన పొగ నడిమికి రావాలి, గోడకు తగలకూడదు. తీగ పొడవు చాలకపోతే రాగి తీగ కలపకండి, కె రకానికి తగిన తీగే కలపండి. లేకపోతే అతుకు దగ్గర వేడికీ మీటరు దగ్గర వేడికీ ఎంత తేడా ఉందో దాదాపు అంత తప్పు అంకెలోకి చేరుతుంది.

హార్బరు బోటు:
మా బోటు ఇంజనుకు టర్బోకు ముందే పెట్టాం. నాలుగేళ్లయింది, విరగలేదు. సముద్రంలో ఆపి చూసుకోవడానికి రోడ్డు పక్క ఉండదు కదా.

ఆటోనగర్ మేస్త్రీ:
బోటు ఇంజను గంటల తరబడి ఒకే చుట్ల మీద నడుస్తుంది. లారీ గుంతలో పడి లేస్తుంది. రెంటినీ ఒక గాట కట్టకండి.

కొలత సార్, మీకు ఒకే ప్రశ్న. ఒక్క నాజిల్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేది) చిందరవందరగా చిమ్మడం మొదలుపెడితే ఆ ఒక్క పిస్టన్ కరుగుతుంది. మూడు సిలిండర్ల పొగ కలిసిన చోట మీ మీటరు ఎంత పెరుగుతుంది? ఇరవై? ముప్పై? అది చూసి ఎవరు ఆపుతారు? ఆరు నాజిళ్లు పరీక్ష బల్ల మీద పెట్టి చూపించుకునే ఖర్చు ఈ మీటరు కంటే మేలు.

కొలత:
ఇది మంచి మాట, ఒప్పుకుంటున్నాను. నాజిల్ తప్పును మీటరు పట్టకపోవచ్చు. పెందుర్తి గారూ, అప్పుడు నాజిళ్లు పరీక్షించారా? ఆ రోజు నల్ల పొగ వచ్చిందా?

పెందుర్తి లారీ:
నాజిళ్లు చూశారు, బాగానే ఉన్నాయన్నారు. నల్ల పొగ ఆ ముందు నెల నుంచి ఉంది. పంపు కొంచెం పెంచాం, అంటే స్క్రూ తిప్పి డీజిల్ ఎక్కువ పడేలా చేశాం. అంతకు ముందు శివలింగపురం మలుపుల దగ్గర మొదటి గేరులో పాకేది. పెంచాక రెండో గేరులో ఎక్కుతోంది. అందరూ చేసేదే.

ఘాట్ డ్రైవరు:
ఇంతసేపూ చదువుతున్నాను. ఇప్పుడు మాట్లాడతాను. 19 ఏళ్లుగా ఈ ఘాట్ నడుపుతున్నాను, శృంగవరపుకోట వైపూ, పాడేరు వైపూ.

పంపు పెంచితే డీజిల్ ఎక్కువ పడుతుంది, గాలి మాత్రం అంతే వస్తుంది. పెట్రోలు బండిలో ఇంధనం ఎక్కువైతే చల్లబడుతుంది. డీజిల్‌లో ఎక్కువైన కొద్దీ వేడే. గాలికొండ దాకా సుమారు 1300 మీటర్ల ఎత్తు ఎక్కుతాం, అక్కడ గాలి ఇంకా పలచన. ఇవన్నీ మీకు తెలిసినవే. అయినా ఆ రోజు మీ డ్రైవరును ఏమన్నారు? గుర్తు పెట్టుకునే మీటరు ఎవరి కోసం కొన్నారు?

నాకు ఇలాగే జరిగింది. పిస్టన్ పోయింది. ‘నువ్వు తొక్కి పట్టావు’ అన్నారు, రెండు నెలల జీతం కోశారు. పంపు పెంచింది నాకు చెప్పనే లేదు.

పెందుర్తి లారీ:
నేను అడిగింది ప్రోబ్ ఎక్కడ పెట్టాలని. జీతం సంగతి ఎవరూ అడగలేదు. నా బండి, నా అప్పు. ఇంజను విప్పితే లక్షలు పోయేది నాకు. ఎంత తొక్కుతున్నారో తెలుసుకునే హక్కు నాకు లేదా?

ఘాట్ డ్రైవరు:
ఉంది. ఎంత లోడు వేశారో, పంపు ఎంత పెంచారో తెలుసుకునే హక్కు మాకూ ఉంది. రాత్రి పన్నెండుకు అరకులో దించకపోతే ఫోను మీద ఫోను చేసేది మీరే. తగ్గు గేరు వేస్తే చుట్లు పెరుగుతాయి, టర్బో గాలి పెరుగుతుంది, వేడి దిగుతుంది. నాకు మీటరు లేకుండానే తెలుసు, చెవికి తెలుస్తుంది. కానీ ఆ తగ్గు గేరుకు పావుగంట ఆలస్యం. ఆ పావుగంట ఎవరి ఖాతాలో వేస్తారు?

ఆటోనగర్ మేస్త్రీ:
ఇంత దూరం వచ్చింది కాబట్టి నేనూ చెబుతాను. పంపు పెంచమని వచ్చేవాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. వద్దంటే పక్క షెడ్డుకు వెళతారు. అందుకే పెంచేవాణ్ణి. తరువాత ఇంజను పోతే మొదటి మాట ‘మేస్త్రీ చెడగొట్టాడు’. నాకు మీటరు మీద కోపం లేదు సార్. అది ఎవరి మీద వేలు చూపడానికి వస్తోందో తెలుసు కాబట్టే దూరంగా సైలెన్సర్ వైపు పెట్టమంటున్నాను.

గోపాలపట్నం వ్యాన్:
మా వ్యాన్ బీఎస్6. కంపెనీయే పొగ వేడి సెన్సర్లు పెట్టింది. కానీ డ్రైవరుకు అంకె కనిపించదు.

కొలత:
మేస్త్రీ గారూ, ఈ మాట మొదటే చెప్పి ఉంటే స్టడ్డుల మీద అంత పోట్లాడేవాళ్లం కాదు. మా ప్లాంటులో కొలిమి ముందు నిలబడే మనిషికి అంకె కనిపించాలన్నది మొదటి నియమం. రికార్డు తరువాతి సంగతి. లారీలోనూ అంతే. డిస్‌ప్లే స్టీరింగు వెనుక ఉండాలి, మోత కూడా పెట్టండి. 680 దాటగానే మోగితే డ్రైవరు గేరు తగ్గిస్తాడు, ఇంజను బతుకుతుంది. కొండ మీద ఆపేముందు రెండు వందల కిందకు దిగేదాకా ఖాళీగా తిప్పితే టర్బో బేరింగులో నూనె మాడదు, దానికీ ఈ అంకే పనికి వస్తుంది.

పంపు మాత్రం ముందు వెనక్కి తెప్పించండి. ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) హోసులు పగిలాయేమో చూడండి. గాలి కారిపోతుంటే ఏ మీటరూ కాపాడదు.

పెందుర్తి లారీ (తొమ్మిది రోజుల తరువాత):
మానిఫోల్డ్ విప్పించాను. ఒక స్టడ్డు విరిగింది, దానికి విడిగా డబ్బు ఇచ్చాను. ప్రోబ్ వెనుక గదిలో పెట్టాం. ఇంటర్‌కూలర్ కింది హోసుకు క్లిప్పు దగ్గర వేలెడంత చీలిక ఉంది, మార్చాం.

పంపు ఇంకా వెనక్కి తెప్పించలేదు. ముందు అంకె చూడాలనుకున్నాను. సగం లోడుతో నేనే పక్క సీట్లో కూర్చుని వెళ్లాను. శృంగవరపుకోట దాకా 400 దాటలేదు. బొడ్డవర దాటాక రెండో గేరులో 640. తైడా పైన ఒక మలుపులో 715. డ్రైవరు నన్ను అడగకుండానే మొదటి గేరు వేశాడు, నిమిషంలో 590కి దిగింది. సగం లోడుకే ఇది. నిండు లోడుతో పోయిన వేసవిలో ఎంత ఉండి ఉంటుందో ఆలోచిస్తే ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఘాట్ డ్రైవరు:
చూశారు కదా. పిస్టన్ పోయినప్పుడు ఉన్న డ్రైవరు ఇప్పుడు ఎక్కడున్నాడు?

పెందుర్తి లారీ:
గాజువాకలో ట్రాలీ నడుపుతున్నాడు. నేనూ కోశాను, నెల జీతం. శనివారం పంపు వెనక్కి తిప్పిస్తున్నాను. ఆ తరువాత అతనికి ఫోను చేస్తాను. మేస్త్రీ గారూ, మీ షెడ్డు ఆటోనగర్‌లో ఎక్కడో చెబితే పంపు మీ దగ్గరికే తెస్తాను.

ఆటోనగర్ మేస్త్రీ:
తీసుకురండి. డ్రైవరును కూడా తీసుకురండి. స్క్రూ ఎంత తిప్పానో అతను చూడాలి.