ఒక్కదాన్నే తాడిపత్రి, గండికోట పోవాలనుకుంటున్నా, రాత్రి ఉండొచ్చా?

పడుగుపేక (ధర్మవరం):
అందరికీ నమస్కారం. నాకు 47 ఏండ్లు. మాది మగ్గం ఇల్లు. కూతురికి పెండ్లయింది, కొడుకు బెంగళూరులో పనికి పోతాండాడు. పోయిన నెల నేనొక్కదాన్నే లేపాక్షి పోయొచ్చినా.

లేపాక్షి నాకు కొత్త కాదు. చుట్టాలొస్తే పోయేది అక్కడికే. కానీ ఎప్పుడు పోయినా నీళ్ల బాటిళ్లు, చిత్రాన్నం డబ్బా, అత్తమ్మ మోకాళ్లు, పిల్లోళ్లు యాడికి పరిగెత్తినారో అని వెతుక్కోవడం, ఇదే నా పని. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చేది, పెద్ద బసవన్న ముందర ఫోటో దిగేది, ఇంటికొచ్చేది. ఈసారి హిందూపురంలో రైలు దిగి, ఉగ్గాని బజ్జీ తిని, బస్సెక్కి నేరుగా లతా మండపానికి పోయినా.

ఆ స్తంభాల మీద ఎన్ని రకాల డిజైన్లో! లేపాక్షి అంచు అని మనం నేసేదంతా అక్కడిదే. ఒక చోట హంస ఉంది. దాని తోక తోకగా ఆగదు, తీగై చుట్టుకుంటా పోయి, కొస దగ్గర వెనక్కి మళ్లుతుంది. ఆ మలుపు చూస్తాంటే తలలో లెక్క మొదలైంది. దీనికి గ్రాఫులో ఎన్ని గళ్లు పడతాయి, యాడ పోగు లేపాల, ఒక్కో పేకకు, అంటే అడ్డపోగుకు, మగ్గానికి ఒక్కో చిల్లుల అట్ట కొడితే మొత్తం ఎన్ని అట్టలయితాయి? పెండ్లికి ముందు మా నాయన నాతో గ్రాఫులు గీయించేవాడు. అత్తగారింట్లో నాకొచ్చిన పని కండెలు చుట్టేది, అచ్చు అతికేది, అంటే కొత్త పడుగు పోగుల్ని పాతవాటి కొసలకు కలిపేది. డిజైను గీయడం నీకొచ్చునా అని ఇన్నేండ్లలో ఒక్కరూ అడగలేదు.

మధ్యాహ్నం దాకా ఆ ఒక్క స్తంభం ముందరే కూర్చొని గీసినా. ఇంక పోదాం పా అనేవాళ్లు లేరు. నా చెయ్యికి ఆ పని ఇంకా గుర్తుంది. అంత సంతోషం ఈ మధ్యలో నాకు లేదు.

ఇప్పుడు తాడిపత్రి గుళ్లు, గండికోట చూడాలని ఉంది. రాత్రి యాడన్నా ఉండాల్సి వస్తుంది. మా ఆయన వద్దనడు గానీ, ఒక్కదానివే ఉంటే నలుగురూ ఏమనుకుంటారు అంటాడు. మీలో ఎవరన్నా అట్ల ఉండినారా?

పెన్నగట్టు (ప్రొద్దుటూరు):
చెల్లెలా, నేను గండికోటలో ఒక్కదాన్నే ఉండినా. టూరిజం వాళ్ల హరిత హోటల్లో గది ముందే బుక్ చేసుకో. శని, ఆదివారాలు వద్దు, జనం ఎక్కువ. జమ్మలమడుగు నుంచి కోటకు బస్సులు తక్కువ, వెలుతురుండంగానే ఆటో మాట్లాడుకో. లోయ అంచున రాళ్ల మీదికి ఎక్కొద్దు, పట్టుకునేకి ఏమీ ఉండదు. గాలికి కాయితాలు నిలవవు, క్లిప్పు అట్ట తీసుకుపో. చెక్కడాలు గీసుకునేకి మాధవరాయస్వామి గుడి బాగుంటుంది.

ఇంక నలుగురి మాట. ఎదురింటామెకు నేనే చెప్పినా, ఒక్కదాన్నే పోతాండా అని. మనమే చెప్పేస్తే వాళ్లకు గుసగుసలాడేకి ఏం మిగులుతుంది?

తాడిపత్రి తమ్ముడు:
అక్కా, అనంతపురం నుంచి మా ఊరికి బస్సులు బాగానే ఉంటాయి. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు కదా, ఆధార్ మర్చిపోవద్దు. మొదట పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వరుని గుడికి పో. గోపురాలు పైదాకా కట్టకుండా ఆగిపోయినాయి, ఉన్నంతలో మాత్రం జానెడు జాగా వదలకుండా చెక్కినారు. చింతల వెంకటరమణస్వామి గుడిలో రాతి రథం ఉంది, గోడల మీద రామాయణం. ఈ గుళ్లు కట్టించింది పెమ్మసాని నాయకులు. గండికోటను ఏలిందీ వాళ్లే, అందుకని రెండూ ఒకే ప్రయాణంలో చూడటం మంచిది.

కదిరి నుంచి:
అమ్మా, తప్పుగా అనుకోవద్దు. మీ ఆయన్ను కూడా పిల్చుకోని పోవచ్చు కదా? నువ్వు అక్కర్లేదు అన్నట్టు ఆయనకు బాధ కలగదా?

పడుగుపేక:
కదిరి వాళ్లకు: నాకూ ఆ గుబులు ఉండింది. నిన్న రాత్రి నేను గీసింది ఆయన ముందర పెట్టినా. చానా సేపు చూసి, "ఈ తోక కాడ జరీ పోగు పొడుగ్గా తేలుతుంది, గోరు తగిలితే లేస్తుంది. నడాన ఒక కట్టు వెయ్" అన్నాడు. నేను గీసినదాన్ని గురించి మేమిద్దరం మాట్లాడుకోవడం అదే మొదలు. ఆయనొస్తే మళ్లా ఆయన కాఫీ, ఆయన మాత్రలు నా మీదికే వస్తాయి. అది ఆయన్నే అడిగితే, నిజమే, నువ్వే పోయిరా అన్నాడు.

బస్సుకు దుడ్లు అడిగే పని లేకపోవడం కూడా నాకు పెద్ద బలం తమ్ముడూ. మంగళవారం తాడిపత్రి చూసి, సాయంత్రానికి జమ్మలమడుగు చేరాలనుకుంటున్నా. అక్కా, గది కోసం రేప్పొద్దున ఫోన్ చేస్తా. చింతల గుడి మధ్యాహ్నం మూస్తారా తమ్ముడూ, మూస్తే ఎన్ని గంటలకు?