సికిల్ సెల్ రిజిస్ట్రీ: చికిత్స ఫలితాలను ఆసుపత్రుల వారీగా ప్రకటించాలా?

మన్యం డాక్టర్:
2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో, ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బయిన సికిల్ సెల్‌పై మొదలైన జాతీయ మిషన్, 17 రాష్ట్రాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ అందులో ఉన్నాయి. అయితే ఎందరికి పరీక్ష చేశామన్న లెక్కకు దక్కిన ప్రచారం, వ్యాధి బయటపడిన పిల్లవాడికి ఆరు నెలల తరువాత కూడా ఈ జబ్బు నొప్పులను తగ్గించే మందు హైడ్రాక్సీయూరియా అందుతోందా అన్న ప్రశ్నకు దక్కడం లేదు. అమెరికాలో ఊపిరితిత్తులను దెబ్బతీసే మరో వంశపారంపర్య జబ్బుకు సంబంధించిన సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్, రోగుల చికిత్స, ఫలితాల వివరాలు నమోదు చేసే రిజిస్ట్రీని 1966 నుంచి నడుపుతోంది. గుర్తింపు పొందిన కేంద్రాలన్నీ దాదాపు ఒకే మార్గదర్శకాలను పాటిస్తున్నా, రోగుల ఊపిరితిత్తుల సామర్థ్యంలో, పిల్లల ఎదుగుదలలో కేంద్రానికీ కేంద్రానికీ తేడా ఉందని తేల్చినవి ఆ లెక్కలే. 2006లో ఆ ఫలితాలను కేంద్రాల పేర్లతో సహా ప్రజల ముందు పెట్టారు. మనమూ అలాగే ప్రకటించాలన్నది నా వాదన.

గడప:
డాక్టరు గారి పోలిక సగం వరకే నిలుస్తుంది. అక్కడి కేంద్రాలకు ఫౌండేషన్ నిధులూ, ప్రత్యేక బృందాలూ ఉన్నాయి. ఇక్కడ ఏజెన్సీలో డాక్టరు పోస్టే ఖాళీగా ఉన్న ఆరోగ్య కేంద్రాన్ని అట్టడుగున చూపిస్తే, మరుసటి నెల నుంచి రిజిస్టరు నిండా ‘మందు ఇచ్చాం’ అన్న టిక్కులే కనిపిస్తాయి. పైగా తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే జబ్బు జన్యువు వచ్చి, ఆరోగ్యంగా తిరిగే క్యారియర్‌కు మందే అక్కరలేనప్పుడు, చికిత్స రిజిస్ట్రీలో ఆ పేరు దేనికి? పెళ్లి మాటల్లో పరీక్ష ఫలితం ఉన్న కార్డు బయటికొస్తే నింద పడేది అమ్మాయి మీదే. ఇద్దరూ క్యారియర్లయితేనే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ఉంటుందన్న సంగతి అప్పుడు ఎవరి చెవికీ ఎక్కదు.

మన్యం డాక్టర్:
క్యారియర్ల విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. వారికి కౌన్సెలింగ్ కావాలి గానీ చికిత్స రిజిస్ట్రీలో చోటు అక్కరలేదు. టిక్కుల బెడదకు మాత్రం విరుగుడు ఉంది. హైడ్రాక్సీయూరియా క్రమంగా వాడేవారిలో సాధారణంగా ఎర్ర రక్తకణాల సగటు పరిమాణం పెరుగుతుంది. తెల్లకణాలు మరీ తగ్గకుండా చూసుకోవడానికి ఎలాగూ రక్తపరీక్ష చేయించాలి కనుక, ఆ యంత్రం ముద్రించిన కాగితంలో ఈ సగటు పరిమాణాన్ని చూపే ఎంసీవీ అంకెనే నమోదు చేయమందాం. ఒక్క రీడింగుతో తీర్పు చెప్పలేం, తలసేమియా అనే మరో వంశపారంపర్య రక్తసమస్య కూడా ఉంటే అంకె తగ్గి కనిపించవచ్చు. అదే రోగి పాత రీడింగులతో పోల్చాలి. ఐదేళ్ల లోపు పిల్లలకు ఇన్ఫెక్షన్లు రాకుండా ఇచ్చే పెన్సిలిన్, న్యూమోకోకల్ టీకా అందాయో లేదో పక్కనే ఉండాలి. డాక్టరు పోస్టు ఎన్ని నెలలు ఖాళీగా ఉందో కూడా అదే పట్టికలో చూపిస్తే, నింద ఎవరికి చెందాలో వారికే చెందుతుంది.

గడప:
ఆ చివరి గడి ఉంటే నా అభ్యంతరం చాలావరకు తగ్గుతుంది, దాన్ని ఏ అధికారి ఉండనిస్తారన్నది వేరే ప్రశ్న. కానీ పది మంది రోగులే ఉన్న మండలంలో పేర్లు తీసేసినా, వయసు, గూడెం చూసి మనిషిని ఇట్టే పోల్చుకుంటారు. కాబట్టి బయటికి జిల్లా స్థాయి వరకే ప్రకటించి, ఆసుపత్రి వారీ ఫలితాలను అక్కడ చికిత్స పొందుతున్న కుటుంబాలకు వారి భాషలో, ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాలి. అంతకు మించి ఇప్పటికి నేను ఒప్పుకోను.