నవంబర్ 28, హిమేజీ కోట దగ్గర కార్తీక వనభోజనాలు: ఎవరు ఏం చూసుకుంటున్నారు

నిర్వాహకులు:
అందరికీ నమస్కారం. ఈ ఏడు వనభోజనాలు జపాన్‌లోని హిమేజీలో, 2026 నవంబర్ 28 శనివారం. ముందు వారం 21 నుంచి 23 దాకా మూడు రోజులు వరుస సెలవులు, కోట ముందు జాతరలా ఉంటుంది, అందుకే వద్దనుకున్నాం. ఇప్పటికి పేర్లు ఇచ్చినవాళ్ళు 42 మంది: పెద్దలు 31, పిల్లలు 11.

టికెట్టు సంగతి ఇప్పుడే తేల్చుకుందాం. 2026 మార్చి 1 నుంచి కోట టికెట్టు ధర మారింది. 18 ఏళ్ళు నిండినవాళ్ళకి 2,500 యెన్లు, అంతకన్నా చిన్నవాళ్ళకి ఉచితం, హిమేజీ నగరంలో ఉండేవాళ్ళకి 1,000. "వెయ్యే కదా" అని పాత లెక్క వేసుకుని రాకండి. 31 మందీ పూర్తి ధర పెట్టి లోపలికి వస్తే 77,500 అవుతుంది, 20వ తేదీ లోపు ఇచ్చేయండి. హిమేజీలో ఉండేవాళ్ళు అడ్రసు ఉన్న కార్డు తెచ్చుకోవాలి. ఇంటర్మీడియెట్ వయసు పిల్లలకి కూడా వయసు రుజువు పెట్టుకోండి, మీసాలొచ్చినవాడిని చూసి ఎవరూ నమ్మరు.

రవాణా:
ఒసాకా నుంచి జేఆర్ షిన్‌కైసొకులో (కొద్ది స్టేషన్లలోనే ఆగే రైలు) గంట, కోబెలో సన్నోమియా నుంచి 40 నిమిషాలు. కొత్తగా వచ్చిన కుటుంబాలకి ఒకటికి రెండుసార్లు చెప్పండి: షిన్‌కైసొకు వేరు, షిన్‌కాన్‌సెన్ వేరు. పేర్లు ఒకేలా వినపడి షిన్-ఒసాకాకి పోయి బుల్లెట్ ట్రైన్ ఎక్కితే చార్జీ రెండింతలు దాటుతుంది. షిన్‌కైసొకుకి మామూలు చార్జీయే, ఇకోకా కార్డు (ముందే డబ్బు వేసుకునే రైలు కార్డు) చాలు. బోర్డు మీద హిమేజీ అని లేకపోయినా అబోషి, బాన్‌షూ-అకో అని ఉంటే ఎక్కేయండి, అవీ హిమేజీ మీదుగానే పోతాయి.

9:30కి స్టేషన్ ఉత్తరం వైపు బయట క్యాజిల్ వ్యూ అనే చెక్క మేడ మీద కలుద్దాం. అక్కడ నిలబడితే కోట ఎదురుగా కనపడుతుంది కాబట్టి దారి అడగక్కర్లేదు. ఒతెమయే-దోరి రోడ్డు వెంట తిన్నగా కిలోమీటరు, పిల్లలతో 20 నిమిషాలు. 9:45 దాటితే ఎవరి కోసమూ ఆగం, గేటు దగ్గర కలవండి.

కోట నడక:
42 మందీ ఒకే గుంపుగా ప్రధాన బురుజు ఎక్కుదామన్న ఆలోచన మానుకోండి. ఆ కోట కట్టిందే గుంపును చీల్చడానికి. హిషి ద్వారం నుంచి బురుజుకి గీత గీస్తే సుమారు 130 మీటర్లు, నడిస్తే 325. ఇ, రొ, హ, ని, హొ అని జపాన్ పాత అక్షరమాల వరసలో ద్వారాలకి పేర్లు. ప్రతి ద్వారం దగ్గరా దారి మెలిక తిరుగుతుంది. 'ని' ద్వారం దగ్గర కప్పు బాగా కిందికి ఉంటుంది, పొడుగువాళ్ళు తల వంచాలి. 'హొ' దాటాక ఇంక బురుజు వచ్చేసింది అనుకునేసరికి దారి కిందికి దిగుతుంది. శత్రువు దారి తప్పాననుకుని వెనక్కి తిరగాలని అలా కట్టారు, మనవాళ్ళూ అక్కడే తిరుగుతారు. అందుకని బురుజు ఎక్కేవాళ్ళు సుమారు పదేసి మంది చొప్పున మూడు జట్లు, ఒక్కో జట్టుకి ముందొకరు, వెనకొకరు. జట్టుకి జట్టుకి మధ్య 20 నిమిషాలు. ముందు నడిచేవాళ్ళు ద్వారం దాటిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టాలి.

బురుజు బయటికి అయిదు అంతస్తులుగా కనపడుతుంది, లోపల ఆరు, కింద నేలమాళిగ ఒకటి. లిఫ్టు లేదు. మెట్లు దాదాపు నిచ్చెనలు. చెప్పులు విప్పి, వాళ్ళిచ్చే సంచిలో వేసుకుని చేత్తో పట్టుకునే ఎక్కాలి. అంటే ఒక చెయ్యి సంచికి, ఒక చెయ్యి కమ్మీకి, ఫోన్ పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. నవంబర్ ఆఖరుకి చెక్క నేల చల్లగా కొడుతుంది, పైగా నున్నగా ఉంటుంది. కింద రబ్బరు చుక్కలున్న మందం సాక్సులు వేసుకోండి. చీరలో వచ్చే అక్కలూ, కుచ్చిళ్ళు కాలికింద పడేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. ఆ ఒక్క రోజుకి చుడీదార్ మేలు. ఎక్కే దారి, దిగే దారి వేరు, మధ్యలో వెనక్కి రావడం కుదరదు. భయపడేవాళ్ళు మొదటి అంతస్తులోనే చెప్పేయాలి.

లోపల చూడాల్సింది రెండు మహాస్తంభాలు. ఒక్కోటి సుమారు 25 మీటర్లు, అడుగున దాదాపు మీటరు లావు, నేలమాళిగ నుంచి ఆరో అంతస్తు కింద దాకా పోతాయి. తూర్పుది 1609లో బురుజు పూర్తయినప్పటిది. పడమటిది పుచ్చిపోతే 1956–64 మరమ్మతుల్లో మార్చారు. రెండు మానులని మూడో అంతస్తు దగ్గర అతికారు, ఆ అతుకు చూపించండి. గోడల సున్నం గురించి కూడా రెండు మాటలు చెప్పండి: జనపనార పీచు, సముద్రపు నాచు ఉడికించిన జిగురు కలిపిన సున్నం అది. మన ఊళ్ళలో డంగు సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్ళు పోసినట్టే. కింద చెక్కకి నిప్పంటకుండా చూరు కిందకంతా పూశారు, పెంకుల సందుల్లోనూ పూశారు. కప్పు మీద తెల్లటి చారలు అవే.

టికెట్టు ధర గురించి గొణిగేవాళ్ళకి: మేజీ చక్రవర్తి కాలం తొలిరోజుల్లో (1870ల్లో) ఈ కోట మొత్తాన్ని 23 యెన్ల 50 సెన్లకి (సెన్ అంటే యెన్‌లో నూరో వంతు) వేలం పాడారని చెప్తారు. పడగొట్టడానికయ్యే ఖర్చు చూసి పాడినవాడే వదిలేశాడట.

ఒక సభ్యురాలు:
అన్నగారూ, అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పులు. స్ట్రోలర్‌లో పాప. మేం ఏం చెయ్యాలి?

కోట నడక:
స్ట్రోలర్ బురుజులోకి రాదు అమ్మా, దారి కూడా రాళ్ళ వాలు. అత్తయ్యగారికి కోట టికెట్టే వద్దు. కోట ముందున్న సన్నోమారు మైదానం ఉచితం, బురుజు మొత్తం అక్కడి నుంచే బాగా కనపడుతుంది. కోటకి పడమట పక్కనే కోకో-ఎన్ తోటలున్నాయి, 1992లో తెరిచారు, తొమ్మిది తోటలు ఒకే ఆవరణలో. ఆ వారానికి మేపుల్ ఎర్రబడి ఉంటుంది. పెద్దవాళ్ళు ఎనిమిది మంది, తోడుగా ఇద్దరు అటు వెళ్ళండి. రెండూ చూడాలనుకునేవాళ్ళు జాయింట్ టికెట్ తీసుకుంటే కలిసొస్తుంది.

పిల్లల బాధ్యత:
11 మందికీ తలా ఒక కాగితం ఇస్తాం. గోడల్లో కన్నాలు వెతికి గీయాలి: నిలువుగా పొడుగున్నవి బాణాలకి, గుండ్రం, మూడు మూలలు, నాలుగు మూలలవి తుపాకులకి. ఇలాంటివి వెయ్యి దాకా మిగిలాయి కాబట్టి ఎవరూ ఏడవరు. పెంకుల చివర గుండ్రటి బిళ్ళల మీద సీతాకోకచిలుక ఈ బురుజు కట్టించిన ఇకెదా వంశం వాళ్ళ ముద్ర, అది దొరికితే చాక్లెట్. 'ని' ద్వారం దగ్గర శిలువ గుర్తున్న పెంకు కూడా ఉంది, కనిపెట్టినవాళ్ళకి రెండు. బురుజు దిగాక బిజెన్‌మారు ఆవరణలో ఆగి మళ్ళీ లెక్క, గ్రూపు ఫొటో అక్కడే. ఒకికు బావి ఆ తర్వాత వస్తుంది. ఆ బావిలోంచి పళ్ళేలు తొమ్మిది దాకా లెక్కపెట్టి ఏడ్చే దయ్యం కథ పగలు కాబట్టి చెప్పొచ్చు, కానీ అయిదేళ్ళ లోపు వాళ్ళకి వద్దు.

వంట:
టికెట్టు గేటు దాటాక తినడం లేదు. భోజనాలు 1 గంటకి సన్నోమారు పచ్చికలో. ఉసిరి చెట్టు లేదు, ఉసిరికాయ పచ్చడితో సరిపెట్టుకుందాం.

పులిహోరకి 5 కిలోల సోనామసూరి. జపాన్ బియ్యంతో వద్దే వద్దు, జిగురుకి ముద్దవుతుంది. ఇళ్ళల్లో ఉన్నవి అయిదున్నర గో కుక్కర్లు, గో అంటే 150 గ్రాములు. నిండా పెడితే అడుగు మెత్తబడి పైన పలుకుగా ఉంటుంది, కాబట్టి ఒక్కో వాయికి నాలుగు గోలే. నాలుగిళ్ళు, ఇంటికి రెండు వాయిలు, 4.8 కిలోలు; మిగిలిన పిడికెడు ఎవరైనా చూసుకోండి. కుక్కర్ లోపలి గీత జపాన్ బియ్యానికి, దాన్ని చూసి నీళ్ళు పోయకండి. గ్లాసుకి గ్లాసుంముప్పావు, చెంచా నూనె. ఉడకగానే పళ్ళెంలో ఆరబోయాలి, మూత పెట్టి ఉంచితే ఆవిరికి మెత్తబడుతుంది. పులుసు మాత్రం శుక్రవారం రాత్రి ఒకే ఇంట్లో, అరకిలో చింతపండుతో ఉడికించి నాలుగు సీసాల్లో పంచుతాం. పోయినసారి నాలుగిళ్ళ పులిహోర నాలుగు రుచులైంది.

బొబ్బట్లు నూనెతో కాల్చండి, ఆ చలికి నెయ్యి పేరుకుని అట్ట అవుతాయి. శాకాహారులు హిమేజీ ఓడెన్ (రసంలో ఉడికించిన ముక్కల వంటకం) జోలికి పోవద్దు, అల్లం సోయా సాస్ వాసన ఎంత బాగున్నా ఆ రసంలో చేప ఉంటుంది. కూంబు ఒనిగిరిలో (సముద్రపు నాచు పెట్టిన అన్నం ముద్ద) కూడా బొనిటో చేప ఉండొచ్చు, వెనక అట్ట చదవండి.

నిర్వాహకులు:
టీ కోసమని ఎవరూ స్టవ్ తేవద్దు, ఫ్లాస్కుల్లోనే. చెత్తడబ్బాలు ఉండవని అనుకునే రండి: 45 లీటర్ల సంచులు ఆరు, ఆకులూ కప్పులూ విడివిడిగా, అన్నీ మనమే వెనక్కి మోసుకెళ్ళాలి. కోట ప్రవేశం 4 గంటలకి ఆపేస్తారు, 5కి ఖాళీ చేయిస్తారు. మూడో జట్టు 11:15 దాటకుండా లోపలికి పోతేనే భోజనానికి అందుకుంటారు. సంచులు మోయడానికి ఇంకా ఇద్దరు కావాలి, కింద పేర్లు రాయండి.